సంక్రాంతి సెలవులకు ముందస్తు ఏర్పాట్లు: హైదరాబాద్ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలైన నాటి నుంచి కనుమ మరునాటి వరకు, నెల రోజుల వ్యవధిలో, హైదరాబాద్ ఇళ్లకు క్రిస్మస్, డిసెంబరు 31 రాత్రి, నుమాయిష్, సంక్రాంతి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఏటా దీపావళి దాటగానే మా అపార్టుమెంటులోనూ బంధువుల ఇళ్లలోనూ అవే సందేహాలు మళ్లీ వినిపిస్తున్నందున వాటికి జవాబులను ఒకచోట రాసి పెట్టాను. ఎవరికి ఏ ప్రశ్న అవసరమో దానికే నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## దీపావళి తరువాత: నిర్ణయాలు

పండుగ జనవరిలో కదా, నవంబరు నుంచే ఈ హడావుడి ఎందుకు?

పండుగ పనులు ఎక్కువ కావడం వల్ల కాక, అవన్నీ ఒకే మూడు నాలుగు రోజుల మీద పడటం వల్ల మనిషి అలిసిపోతాడు. టికెట్టు, బట్టలు, పిండివంటలు, ఇంటి తాళం, ఆఫీసు పని అన్నీ భోగికి ముందు వారానికే వాయిదా పడితే ఏ ఇల్లాలికైనా పండుగ మీద విసుగు పుడుతుంది. నవంబరులో చేయవలసింది నిజానికి చాలా కొద్ది: ఎవరు, ఎక్కడికి, ఏ తేదీన వెళ్లి ఏ తేదీన తిరిగి రావాలో తేల్చుకోవడం. ఆ ఒక్కటి తేలితే మిగిలిన పనులు డిసెంబరులో తీరిగ్గా చేసుకోవచ్చు. అది తేలకపోతే మిగిలినవేవీ ముందుకు కదలవు.

పుట్టింటికి వెళ్లాలా, అత్తవారింటికి వెళ్లాలా అన్నది ఏటా చివరి వరకు తేలదు. ఏం చేయాలి?

ఈ ప్రశ్నను పండుగ దగ్గర పడ్డాక ఎత్తితే అది వాదన అవుతుంది, కార్తీక మాసంలో ఎత్తితే మామూలు మాట అవుతుంది. ఒక ఏడాది అటు, ఒక ఏడాది ఇటు అనే ఏర్పాటు చాలా ఇళ్లలో సాగుతోంది. రెండు ఊళ్లూ ఒకే దారిలో ఉంటే భోగి, సంక్రాంతి ఒకచోట, కనుమ మరొకచోట జరుపుకొనేవారూ ఉన్నారు. అయితే చిన్న పిల్లలతో మూడు రోజుల్లో రెండు ఇళ్లు తిరగడం ఎవరికీ విశ్రాంతి కాదన్నది నా అభిప్రాయం. ఏది నిర్ణయించినా ఆ మాట రెండు వైపుల పెద్దలకూ ఒకే రోజున, భార్యాభర్తలిద్దరూ కలిసి చెప్పడం మంచిది. “వీలు చూసుకుని వస్తాం” అని నసిగితే అక్కడ అత్తగారు బియ్యం నానబోసి ఎదురుచూస్తూ ఉంటారు.

ఆఫీసులో అందరూ అవే రోజులకు సెలవు అడుగుతున్నారు. నాకు దొరుకుతుందా?

సంక్రాంతి జనవరి 14న గానీ 15న గానీ వస్తుంది. మీ సెలవుల జాబితాలో ఆ పండుగకు ఒక్క రోజే ఉండవచ్చు కనుక భోగికీ కనుమకూ విడిగా దరఖాస్తు చేయవలసి రావచ్చు. నవంబరులోనే రాతపూర్వకంగా అడగండి. క్రిస్మస్ వారంలో విధులు చూసుకుంటానని మీరే ముందుగా ముందుకు వస్తే, క్రిస్మస్ జరుపుకొనే సహోద్యోగి సంక్రాంతికి మీ పని చూసేందుకు సాధారణంగా ఒప్పుకుంటారు. మా కార్యాలయంలో ఈ మార్పిడి ఏళ్లుగా జరుగుతోంది.

ఖర్చు ఏటా చేయి దాటిపోతోంది. అంచనా ఎక్కడ మొదలుపెట్టాలి?

నిరుడు జనవరి నెల బ్యాంకు ఖాతా వివరాలు తెరిచి చూడండి. జ్ఞాపకం చెప్పే లెక్క కన్నా అది చెప్పే లెక్క నిజమైనది. బట్టలు, ప్రయాణం అందరికీ గుర్తుంటాయి; మరిచిపోయేవి ఊళ్లో పిల్లల చేతుల్లో పెట్టే డబ్బు, హరిదాసుకూ గంగిరెద్దులవారికీ ఇచ్చేది, పనిమనిషికీ వాచ్‌మన్‌కూ పండుగ మామూలు, తిరుగు ప్రయాణంలో ఆఖరి నిమిషపు బస్సు. పెళ్లయిన మొదటి సంక్రాంతికి అల్లుడు ఇంటికి వచ్చే ఏడాది ఖర్చు వేరు, దాన్ని మామూలు ఏడాదితో పోల్చవద్దు. అవసరమైన మొత్తాన్ని నవంబరు, డిసెంబరు జీతాల నుంచి రెండు భాగాలుగా పక్కన పెడితే క్రెడిట్ కార్డు బిల్లు ఫిబ్రవరిలో భయపెట్టదు.

## నవంబరు: టికెట్లు

రైలు టికెట్లు ఏ రోజున తెరుచుకుంటాయి?

2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. ప్రయాణ దినాన్ని మినహాయించి లెక్కించాలి. ఆ ప్రకారం జనవరి 12 ప్రయాణానికి నవంబరు 13న, జనవరి 17 తిరుగు ప్రయాణానికి నవంబరు 18న ఉదయం 8 గంటలకు బుకింగ్ మొదలవుతుంది. గోదావరి, గౌతమి, విశాఖ, నరసాపురం ఎక్స్‌ప్రెస్‌ల వంటి కోస్తా రైళ్లలో పండుగ తేదీల బెర్తులు నిమిషాల్లో నిండిపోతాయి కాబట్టి, ముందు రోజు రాత్రే ఐఆర్‌సీటీసీ ఖాతాలో ప్రయాణికుల పేర్లు, వయసులు నమోదు చేసి ఉంచుకోవాలి. బుకింగ్ తెరుచుకున్న సమయంలో ఆధార్ ధ్రువీకరణ పూర్తయిన ఖాతాలకే మొదటి అవకాశం ఇస్తున్నారు. ఆ ధ్రువీకరణ అక్టోబరులోనే ముగించండి.

ఒక పొరపాటు ఏటా ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. రాత్రి 12 గంటలు దాటాక రైలెక్కే స్టేషన్ మీదైతే తేదీ మారిపోతుంది. 17వ తేదీ రాత్రి భోజనం చేసి బయలుదేరి 12.30కి రైలెక్కేవారు టికెట్టు మీద 18వ తేదీ ఉండేలా చూసుకోవాలి.

వెయిటింగ్ లిస్టులో ఉంది. చివరికి ఖాయమవుతుందని నమ్ముకోవచ్చా?

సంక్రాంతి ముందు మూడు రోజులకు నమ్ముకోవద్దు. మామూలు రోజుల్లో టికెట్లు రద్దు చేసుకునేవారు ఉంటారు గానీ పండుగకు దాదాపు ఎవరూ రద్దు చేసుకోరు. ఆన్‌లైన్‌లో తీసుకున్న టికెట్టు చార్టు సిద్ధమయ్యే నాటికి పూర్తిగా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దయి డబ్బు తిరిగి వస్తుంది. దానితో స్లీపర్, ఏసీ బోగీల్లో ఎక్కడానికి వీలు లేదు. ఆర్‌ఏసీ వస్తే మాత్రం ప్రయాణం చేయవచ్చు, పక్క బెర్తును ఇద్దరు పంచుకుని కూర్చోవాలి. వెయిటింగ్ సంఖ్య పెద్దదిగా ఉన్నప్పుడు అదే రోజున బస్సు టికెట్టు కూడా తీసుకుని, రైలు ఖాయమైతే బస్సును రద్దు చేసుకోవడం తెలివైన పని. రద్దు రుసుము కొంత పోతుంది, నిద్ర మిగులుతుంది.

తత్కాల్ ఉంది కదా?

ఉంది. రైలు బయలుదేరే స్టేషన్ లెక్కన ఒక రోజు ముందు ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు తెరుచుకుంటుంది. 2025 జులై నుంచి ఆధార్ ధ్రువీకరణ ఉన్న ఖాతాదారులే ఆన్‌లైన్‌లో తీసుకోగలరు. ఖాయమైన తత్కాల్ టికెట్టును రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు. ముసలివారిని, చంటిబిడ్డను వెంటబెట్టుకుని వెళ్లే ప్రయాణాన్ని దీని మీద ఆధారపడి ఉంచవద్దు.

టికెట్టు మీద చర్లపల్లి అని ఉంది. అక్కడికి ఎలా చేరాలి?

చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. సికింద్రాబాద్ స్టేషన్‌లో పునర్నిర్మాణ పనుల వల్ల కొన్ని రైళ్లను అటు మార్చారు, పండుగ ప్రత్యేక రైళ్లు కూడా అక్కడి నుంచి నడుస్తున్నాయి. ఇది నగరానికి తూర్పున, ఈసీఐఎల్‌కు అవతల ఉంది; మెట్రో అక్కడికి వెళ్లదు. కూకట్‌పల్లి, మియాపూర్, మెహిదీపట్నం వైపు ఉండేవారు సాయంత్రం రద్దీలో రెండు గంటలకు పైగా చేతిలో ఉంచుకుని బయలుదేరాలి. టికెట్టు తీసుకునేటప్పుడే ఎక్కే స్టేషన్ పేరు చూడండి, ప్రయాణం రోజున మరోసారి చూడండి.

ఆర్టీసీ మంచిదా, ప్రైవేటు బస్సు మంచిదా?

సౌకర్యం మాటకొస్తే ఎవరి అనుభవం వారిది. పండుగ నాటికి నమ్మకం మాటకొస్తే నేను ఆర్టీసీ వైపే ఉంటాను. కొన్నేళ్ల క్రితం ఒక ప్రైవేటు సంస్థలో నెల ముందే నాలుగు సీట్లు తీసుకున్నాం. బయలుదేరవలసిన రోజు మధ్యాహ్నం “సర్వీసు రద్దయింది” అని సందేశం వచ్చింది, అదే రాత్రికి అదే ఊరికి మరో బస్సులో రెట్టింపు ధరకు సీట్లు కనిపించాయి. టికెట్టు డబ్బు వారం తరువాత వచ్చింది, భోగి మంట మాత్రం మేము చూడలేదు.

ఆర్టీసీ ప్రత్యేక బస్సుల్లో మామూలు ఛార్జీకి ఒకటిన్నర రెట్ల వరకు తీసుకునే పద్ధతి ఉంది. రెగ్యులర్ సర్వీసులో ముందే సీటు తీసుకుంటే ఆ భారం తగ్గుతుంది. పండుగ రోజుల్లో అన్ని బస్సులూ ఎంజీబీఎస్ నుంచే బయలుదేరవు. దిశను బట్టి జేబీఎస్, ఉప్పల్, ఎల్బీనగర్, ఆరాంఘర్ వంటి చోట్ల నుంచి నడుపుతారు కాబట్టి టికెట్టు మీద ఎక్కే చోటు తప్పక చూసుకోవాలి.

ఆడవాళ్లకు ఉచిత బస్సు ఊరి దాకా వర్తిస్తుందా?

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు రాష్ట్ర సరిహద్దు వరకు ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది, అది ఆ రాష్ట్ర గుర్తింపు కార్డు ఉన్నవారికి. సూపర్ లగ్జరీ వంటి సర్వీసులకు ఇవి వర్తించవు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు వెళ్లేవారికి ఉచిత బస్సు పనికొస్తుంది గానీ ఎక్స్‌ప్రెస్‌లో పండుగ ముందు రోజు నిలబడే చోటు కూడా కష్టమే. భోగికి నాలుగు రోజుల ముందు వెళ్లగలిగినవారు దీన్ని హాయిగా వాడుకోవచ్చు.

ఇదే సెలవుల్లో తిరుమల కూడా వెళ్లిరావచ్చా?

మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను తిరుమల తిరుపతి దేవస్థానం సుమారు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంది. జనవరి దర్శనానికి అక్టోబరులోనే కన్ను వేసి ఉంచాలన్నమాట. వైకుంఠ ద్వార దర్శనపు పది రోజులకు ఏర్పాట్లు వేరుగా ప్రకటిస్తారు. టికెట్టు లేకుండా ఆ రోజుల్లో పెద్దలను తీసుకువెళ్లవద్దు.

## డిసెంబరు: క్రిస్మస్, కొత్త సంవత్సరం, నుమాయిష్

క్రిస్మస్‌కు మెదక్ చర్చి చూడాలని ఉంది. ఎప్పుడు వెళ్తే మంచిది?

మెదక్ హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. క్రిస్మస్ నాడు తెల్లవారుజామున ఆరాధనకు చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం జాతరలా వస్తారు. ప్రార్థన కోసం వెళ్లేవారు 24 రాత్రికే చేరుకుంటారు. రంగుటద్దాల కిటికీల మీద వెలుగు పడటాన్ని నింపాదిగా చూడాలనుకునేవారు డిసెంబరు రెండో వారంలో ఒక మామూలు పనిదినాన వెళ్లడం మేలు. తెలంగాణలో 25తో పాటు 26 కూడా సెలవు దినమే కనుక ఆ రెండు రోజులూ రోడ్డు మీద రద్దీ ఉంటుంది.

డిసెంబరు 31 రాత్రి బయటికి వెళ్లాలా, వద్దా?

వెళ్తే మెట్రోలో వెళ్లడం తేలిక. ఆ రాత్రి రైళ్ల వేళలు పొడిగిస్తుంటారు, ఆ ఏటి ప్రకటన చూసుకోవాలి. చాలా ఫ్లైఓవర్లు, నెక్లెస్ రోడ్డు, దుర్గం చెరువు కేబుల్ వంతెన మూసివేస్తారు. పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదికి విమాన టికెట్టు చూపినవారిని మాత్రమే అనుమతించడం రివాజు. అంటే ఆ రాత్రి శంషాబాద్ వెళ్లవలసినవారు మామూలు కన్నా ముందుగా బయలుదేరాలి. మద్యం తాగి బండి నడిపేవారి కోసం నగరమంతటా తనిఖీలు ఉంటాయి. ఇంట్లోనే ఉండి మేడ మీద నాలుగు కుటుంబాలు కలిసి భోంచేయడంలో ఏ లోటూ లేదు.

నుమాయిష్‌కు ఏ రోజున వెళ్తే జనం తక్కువ?

నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ సాధారణంగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు జరుగుతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ప్రదర్శన ఇది. మొదటి వారంలో దుకాణాలన్నీ తెరిచి ఉండకపోవచ్చు. సంక్రాంతికి సగం నగరం ఊళ్లకు వెళ్లే రోజుల్లోనూ, ఆ తరువాతి వారం పనిదినాల సాయంత్రాల్లోనూ కొంత ఊపిరి ఆడుతుంది. ఆదివారం మాత్రం వద్దు. గాంధీభవన్ లేదా నాంపల్లి మెట్రో స్టేషన్‌లో దిగి నడవవచ్చు, బండి పార్కింగ్ బాధ తప్పుతుంది. పండుగ బట్టల కోసం దీన్ని నమ్ముకుంటే ఆలస్యమవుతుంది, వాటిని డిసెంబరు మధ్యలోనే కొని కుట్టించుకోవాలి. జనవరి మొదటి వారంలో ఏ టైలరూ కొత్త గుడ్డ పట్టుకోడు.

## పండుగ ముందు వారం: ఇల్లు, వంటలు

పిండివంటలు ఏ వరుసలో చేసుకుంటే అలసట ఉండదు?

నిలవ ఉండేవాటితో మొదలుపెట్టి, నిలవ ఉండనివి పండుగ నాటికి వదిలేయాలి. జంతికలు, చేగోడీలు, సున్నుండలు, నువ్వుల లడ్లు పది రోజుల ముందే చేసి డబ్బాలకెత్తవచ్చు. అరిసెలకు బియ్యం ఒక రోజు నానాలి, తడి పిండి వెంటనే పాకంలో పడాలి. అందుకని వాటిని ఆఫీసు రోజున పెట్టుకోకుండా శనివారం నానబోసి ఆదివారం వండాలి. ఒకే రోజున వండలేకపోతే పాకం పట్టిన చలిమిడిని మూత పెట్టి ఉంచి మరునాడు నూనెలో వేసినా అరిసె బాగానే వస్తుంది. సకినాలు ఒక్కరు చేసే పని కాదు. పిండి చేత్తో చుట్టి బట్ట మీద ఆరనివ్వాలి కాబట్టి ఒక మధ్యాహ్నం ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు కూర్చుంటే మూడు ఇళ్లకు సరిపడా అవుతాయి, మాటలూ కలుస్తాయి. బొబ్బట్లు, గారెలు ఏ రోజువి ఆ రోజే.

ఇంట్లో మగవాళ్లు తినడానికి మాత్రమే వంటింట్లోకి వస్తే ఈ వరుస ఏదీ పనిచేయదు. బియ్యం పిండి పట్టించుకుని రావడం, నూనె దగ్గర నిలబడటం నేర్చుకోలేనంత విద్యలు కావు.

వండే ఓపిక లేదు. స్వగృహ దుకాణంలో కొంటే తప్పా?

ఏ తప్పూ లేదు. వనస్థలిపురం, దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట, కేపీహెచ్‌బీ ప్రాంతాల స్వగృహ దుకాణాల్లో ఏడాది పొడవునా అరిసెలు దొరుకుతాయి. పండుగకు వారం ముందే ఎన్ని కిలోలో చెప్పి ఉంచండి, పావుకిలో రుచి చూసి మరీ చెప్పండి. ఒక్క వంట ఇంట్లో చేసి మిగిలినవి కొనడం మా ఇంటి పద్ధతి. ఇంట్లో పాకం వాసన రాని సంక్రాంతి పిల్లలకు గుర్తుండదు.

నోము వస్తువులు, గొబ్బెమ్మల సామగ్రి ఎక్కడ దొరుకుతాయి?

సంక్రాంతి నోములకు పదమూడేసి చొప్పున కొనే స్టీలు, ప్లాస్టిక్ వస్తువులకు బేగంబజార్ చవక. డిసెంబరు చివరి వారంలోనే పనిదినాన ఉదయం వెళ్లండి. పూలకు గుడిమల్కాపూర్ మార్కెట్ ఉంది. రేగుపళ్లు, చెరకు, పిడకలు భోగి ముందు రెండు రోజుల్లో రైతుబజార్ల దగ్గర కనిపిస్తాయి. భోగి మంటలో పాత టైర్లు, ప్లాస్టిక్ వేయవద్దు. ఆ చలిగాలిలో పొగ కిందికే దిగి, ఆయాసం ఉన్నవారిని వారం రోజులు బాధిస్తుంది.

పనిమనిషి కూడా ఊరికి వెళ్తానంటోంది. ఎలా?

ఆమెకూ అది పండుగే. తేదీలు డిసెంబరులోనే అడిగి తెలుసుకోండి. పండుగ మామూలు, చీర వెళ్లే రోజు కాక వారం ముందే ఇస్తే ఆమె ప్రయాణానికి పనికొస్తాయి. ఇల్లు దులపడం వంటి పెద్ద పనులు ఆమె వెళ్లే ముందు రోజున పెట్టవద్దు.

వారం రోజులు ఇంటికి తాళం వేసి వెళ్తున్నాం. ఏం చూసుకోవాలి?

ఊరికి వెళ్తున్న సంగతిని స్థానిక పోలీసు స్టేషన్‌లో చెప్పమని ఏటా సంక్రాంతికి పోలీసులే కోరుతారు, గస్తీలో ఆ ఇంటి మీద చూపు ఉంచుతారు. బంగారం, నగదు బ్యాంకు లాకర్‌లో పెట్టాలి. పండుగ వారంలో బ్యాంకు సెలవులు ఉంటాయి కనుక జనవరి మొదటి వారంలోనే ఆ పని ముగించాలి. పాలు, పేపరు ఆపించండి. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి, నీటి మోటారు స్విచ్ చూసి, ఒక తాళం చెవి నమ్మకమైన పొరుగువారికి ఇవ్వండి. రైలు కిటికీ దగ్గర దిగిన ఫొటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం తిరిగొచ్చాక కూడా చేయవచ్చు.

## ప్రయాణం

కారులో విజయవాడ వైపు వెళ్తున్నాం. ఏ వేళకు బయలుదేరాలి?

భోగికి ముందు రెండు రోజులు 65వ నంబరు జాతీయ రహదారి మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాల దగ్గర వాహనాలు బారులు తీరుతాయి. అందరూ తెల్లవారుజామున వెళ్తే ఖాళీగా ఉంటుందనుకుంటారు, అందరూ అలా అనుకోవడం వల్లే పంతంగి దగ్గర ఐదు గంటలకే బండ్లు నిలిచిపోతాయి. పైగా ఆ వేళ మంచు కమ్మి ఎదుటి లారీ వెనుక దీపాలు కూడా కనిపించవు. వీలైతే మూడు నాలుగు రోజుల ముందు, ఎండెక్కాక బయలుదేరండి. ఆ వెసులుబాటు లేనివారు ప్రయాణానికి మామూలుగా పట్టే సమయానికి రెట్టింపు లెక్క వేసుకోవాలి.

గుంటూరు, మాచర్ల వైపు వెళ్లేవారు విజయవాడ రహదారిని అసలు ముట్టుకోనక్కర్లేదు. ఔటర్ మీద బొంగుళూరు దగ్గర దిగి ఇబ్రహీంపట్నం, నాగార్జునసాగర్ మీదుగా వెళ్లవచ్చు. నరసరావుపేట, ఒంగోలు వైపు వారికి నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా అద్దంకి రోడ్డు ఉంది.

ఫాస్టాగ్‌లో డబ్బు టోల్ దగ్గరే వేసుకుంటే సరిపోదా?

సరిపోదు. వరుసలో నిలబడి రీచార్జి చేస్తే అది వ్యవస్థలో నమోదు కావడానికి సమయం పడుతుంది. చెల్లే ట్యాగ్ లేకపోతే యూపీఐతో మామూలు టోల్‌కు ఒకటింబావు వంతు కట్టాలి. రానూపోనూ ఖర్చుకు సరిపడా ముందు రోజే వేసి, కేవైసీ పూర్తయిందో లేదో చూడండి. ఏడాదిలో తరచుగా ఊరికి వెళ్లేవారికి, 2025 ఆగస్టు 15న మూడు వేల రూపాయల ధరతో సొంత కార్లకు మొదలైన వార్షిక పాస్ కూడా ఉంది. అది ఏడాది లేదా 200 టోల్ ప్రయాణాలు, ఏది ముందైతే అంతవరకు, జాతీయ రహదారుల మీద చెల్లుతుంది.

## ఊరికి వెళ్లనివారికి

మేము ఈసారి హైదరాబాద్‌లోనే ఉంటున్నాం. పిల్లలకు పండుగలా అనిపించేలా ఏం చేయవచ్చు?

ఖాళీ రోడ్ల హైదరాబాద్‌ను చూడగలిగేది ఆ మూడు రోజులే. ధూల్‌పేట, గుల్జార్ హౌజ్ దుకాణాల్లో గాలిపటాలు కొని మేడ మీద ఎగరేయండి, పిట్టగోడ లేని మేడ మాత్రం వద్దు. నైలాన్, చైనా మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. అది బండి మీద వెళ్లేవారి మెడలు కోస్తుంది, పిట్టల రెక్కలు తెంపుతుంది. నూలు దారమే అడిగి తీసుకోండి. అపార్టుమెంటు ముందు ముగ్గుల పోటీ పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఊరికి వెళ్లలేని వాచ్‌మన్ కుటుంబాన్ని భోజనానికి పిలవడం మరిచిపోవద్దు.

## తిరుగు ప్రయాణం

కనుమ నాడే తిరిగి బయలుదేరవచ్చా?

కనుమ నాడు కాకి కూడా కదలదని సామెత. దాన్ని పాటించేవారు ఎక్కువ కాబట్టి, పాటింపు లేనివారికి ఆ మధ్యాహ్నం రోడ్డు ఖాళీగా దొరుకుతుంది. ఇంట్లో పెద్దలకు పట్టింపు ఉంటే మాత్రం వాదించవద్దు, మినప గారెలు తిని ఉండిపోండి. అలాంటప్పుడు ముక్కనుమ నాడు గానీ ఆ వెంటనే వచ్చే ఆదివారం గానీ ఊరంతా ఒకేసారి కదులుతుందని గుర్తుంచుకుని, ఆఫీసుకు మరో రోజు సెలవు ముందే కలిపి అడగాలి. ఆదివారం రాత్రి రైలు దిగి సోమవారం తొమ్మిదికి పనిలో కూర్చోవడం కన్నా సోమవారం పగలు ప్రయాణించడం శరీరానికి తేలిక. పిల్లల బడి తెరిచే తేదీని ప్రభుత్వ ప్రకటన చూసి కాక మీ పాఠశాల పంపిన సందేశం చూసి ఖరారు చేసుకోండి, రెండూ ఒకటే కాకపోవచ్చు. ఊరి నుంచి తెచ్చే కొత్త బియ్యం, బెల్లం, పచ్చళ్ల జాడీలకు డిక్కీలో చోటు వెళ్లేటప్పుడే వదిలిపెట్టాలి.